మాస్ట్ సెల్ జబ్బు మీద పరిశోధనకి మా చెల్లి శాంపిల్ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

గుంటూరు నుంచి అడిగినాయనకి. మీ చెల్లెలికి సిస్టమిక్ మాస్టోసైటోసిస్ (అలర్జీలో పనిచేసే మాస్ట్ సెల్స్ అనే కణాలు ఒంట్లో మితిమీరి పేరుకునే జబ్బు) అని తేలిందన్నారు. కొన్ని ఆసుపత్రులు కలిసి చేసే పరిశోధనకు ఆమె రికార్డులు, రక్తం, బోన్ మ్యారో (ఎముక మజ్జ) శాంపిల్ అడుగుతుంటే, "పిల్ల మీద ప్రయోగాలు చేస్తారేమో" అని ఇంట్లో పెద్దవాళ్లు టెన్షన్ పడుతున్నారన్నారు. నాది విజయవాడ, నాకూ ఇదే జబ్బు. నేను ఇచ్చాను, మిమ్మల్నీ ఇవ్వమనే అంటాను. కాకపోతే వాళ్లు అడిగేది రోగుల వివరాలు పోగుచేసే రిజిస్ట్రీకా, కొత్త మందుని పరీక్షించే ట్రయల్‌కా అన్నది ముందు తేల్చుకోండి.

రిజిస్ట్రీ అయితే కొత్త మందేదీ మింగక్కర్లేదు, పేరు తీసేసి కోడ్ నంబరు మీద వివరాలు దాస్తారు. మందు ట్రయల్ అయితే సీటీఆర్ఐ (మన దేశంలో మందు ట్రయల్స్‌ని నమోదు చేసే ప్రభుత్వ జాబితా) నమోదు నంబరు అడగండి, 2009 నుంచి అది తప్పనిసరి. ఏదైనా సరే సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి. మధ్యలో మానేసే హక్కు మీదే.

ఈ జబ్బుకి ఒక ఆసుపత్రిలో పదిమంది దొరకడమే గగనం. అందుకే 2000లో వియన్నాలో పలు దేశాల డాక్టర్లు కూర్చుని రోగనిర్ధారణ ప్రమాణాలు ఖరారు చేసుకున్నారు, 2002లో యూరప్‌లో ఒక నెట్‌వర్క్ కట్టారు. ఈ జబ్బున్న పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా మందిలో కనిపించే కిట్ డీ816వీ అనే జన్యు మార్పుకే గురిపెట్టిన అవాప్రిటినిబ్ అనే మందుకి అమెరికాలో 2021లో ముదిరిన రకానికి, 2023లో నెమ్మదిగా సాగే రకానికి అనుమతి వచ్చింది. దేశదేశాల పేషెంట్లు కలిస్తే తప్ప అలాంటి ట్రయల్స్ జరగవు.

ఇక శాంపిల్ సంగతి. అసలు తిప్పలన్నీ ఇక్కడే. సూర్యారావుపేటలో ఒక ల్యాబ్ నాకు బోన్ మ్యారో పరీక్ష స్లైడ్లు ఇచ్చి పంపేసింది. ముక్కని మైనంలో దాచిన బ్లాక్ కూడా కావాలంటే "పేషెంట్లకి ఇవ్వమండీ" అన్నారు. డాక్టరుగారి లెటర్ చూపించాక లోపల్నుంచి తెచ్చారు: చిన్న ప్లాస్టిక్ క్యాసెట్, పక్కన పెన్సిల్‌తో రాసిన నంబరు, మైనంలో ఇరుక్కున్న నూలుపోగంత ఎముక ముక్క. ఆ నంబరు రిపోర్టులోని నంబరుతో కలుస్తోందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, బెజవాడ ఎండకి మైనం నిలవదు! ఎముకను మెత్తబరచడానికి ఘాటు యాసిడ్ వాడి ఉంటే డీఎన్ఏ దెబ్బతింటుంది, కాబట్టి జన్యు పరీక్షకి ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఉన్న ట్యూబులో తీసిన రక్తం గానీ మ్యారో గానీ విడిగా అడుగుతారు.

అటాక్ (ఒక్కసారిగా ఒళ్లు ఎర్రబడటం, బీపీ పడిపోవడం లాంటివి) వచ్చినప్పుడు ట్రిప్టేజ్‌కి, అంటే మాస్ట్ సెల్స్ విడుదల చేసే ఎంజైమ్ పరీక్షకి, రక్తం నాలుగు గంటల్లోపు తీయించి, టైము రాయించండి. తగ్గాక, కనీసం ఒక రోజు ఆగి మళ్లీ చేయించాలి. మామూలు రోజుల విలువకి అందులో 20 శాతం, దానిపైన 2 (మిల్లీలీటరుకి నానోగ్రాములు) కలిపి, అటాక్‌లో విలువ అంతకి చేరిందా అని చూస్తారు. మామూలుగా 10 ఉండే మనిషికి అటాక్‌లో 14కి చేరితే అది మాస్ట్ సెల్స్ పనే అనడానికి గట్టి ఆధారం. టైము లేని రిపోర్టు పరిశోధన వాళ్లకీ పెద్దగా పనికిరాదు.

సంతకం రోజు పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లండి. "రిపోర్టు మాకూ ఇస్తారా నాయనా?" అని మా అమ్మ సూటిగా అడిగేసింది. చాలా పరిశోధనల్లో ఎవరి ఫలితం వాళ్లకి ఇవ్వరు. నా జన్యు పరీక్ష ఫలితం మా డాక్టరుగారికి పంపుతామని కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టాను.