మొదటి పిస్టల్‌కి లాక్ ఎంచుకునే ముందు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు సొంతంగా చేయబోతున్న పాతకాలం పిస్టల్ కోసం పెట్టుకున్న చెక్క ఫొటోలు పంపావు, చూశాను. వాల్‌నట్ చెక్క చాలా బాగుంది, పిడి వచ్చే చోట గ్రెయిన్ వంపు తిరిగిన తీరు చూసి అత్తయ్యని కూడా పిలిచి చూపించాను. కానీ కింద నువ్వు రాసిన ఒక్క ముక్క నాకు నిద్ర పట్టనివ్వలేదు. "లాక్‌దేముంది మావయ్యా, చవగ్గా ఏది దొరికితే అది తీసుకుంటా" అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను.

లాక్ అంటే తాళం కాదు, హ్యామర్ అనే సుత్తిని వెనక ఆపి, ట్రిగ్గర్ నొక్కగానే వదిలే యంత్రం. పాతకాలం పిస్టల్‌కి ప్రాణం అందులోనే ఉంటుంది రా. బ్యారెల్ అంటే గొట్టం, కొయ్య అంటే పట్టు. ఎప్పుడు పేలాలి, ముఖ్యంగా ఎప్పుడు పేలకూడదు అన్నది మాత్రం లాక్ చేతిలో ఉంది. అందుకే ముందు లాక్ కొనాలి, దాని కొలతలు చూసుకుని మిగతావి కుదుర్చుకోవాలి. నువ్వు చెక్కతో మొదలుపెట్టావు. ఫరవాలేదు, ఇంకా ఉలి పెట్టలేదు కాబట్టి మించిపోయింది లేదు.

నేను చేసిన తప్పు చెబుతాను విను. అమెరికా వచ్చిన కొత్తలో, నాతో మెషీన్ షాపులో పనిచేసే పెద్దాయన ఒకాయన నన్ను ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ ఊరికి తీసుకెళ్లాడు. మూతి నుంచి మందూ గుండూ నింపే తుపాకుల వాళ్ల సంఘం, 1933లో పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్, వాళ్ల రేంజ్ అంటే కాల్పుల మైదానం అక్కడే ఉంది. ఏటా జూన్‌లో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి పోటీలు పెడతారు. లాఫరీ క్రీక్ పక్కన తెల్లటి పొగ మబ్బులా లేవడం చూసి నాకు పిచ్చి పట్టింది. ఆ ఊపులో ఒక సంతలో పాత లాక్ ఒకటి చాలా తక్కువకి కొన్నాను. పైన నగిషీ చెక్కి ఉంది, మెరుస్తోంది. లోపల ఏముందో విప్పి చూడలేదు.

పిస్టల్ తయారయ్యాక రేంజ్‌లో మూడోసారో నాలుగోసారో కాలుస్తున్నాను. దెబ్బ తగిలితే పేలే చిన్న రాగి టోపీ, అదే క్యాప్, పెట్టి, హ్యామర్‌ని సగం వెనక్కి లాగి హాఫ్ కాక్ మీద ఉంచి, కళ్లజోడు సర్దుకుందామని ఎడమ చెయ్యి ఎత్తాను. ట్రిగ్గర్ మీద వేలు కూడా లేదు. ఢామ్మని పేలిపోయింది. గొట్టం మూతి టార్గెట్ వైపే ఉంది కనుక గుండు మట్టికట్టలోకి పోయింది. ఇంటికొచ్చి విప్పి చూస్తే హ్యామర్‌ని పట్టి ఉంచే టంబ్లర్ అనే లోపలి ముక్క మెత్తటి ఇనుముతో చేసింది. హాఫ్ కాక్ గాడి అంచు చప్పరించిన బిళ్లలా గుండ్రంగా అరిగిపోయి ఉంది. ఆ టంబ్లర్‌ని ఇప్పటికీ నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను, వచ్చినప్పుడు చూద్దువుగాని.

కాబట్టి ముందు చూడాల్సింది ఆ గాడి. లాక్‌ని వెనక్కి తిప్పితే లోపల కనబడే గుండ్రటి ముక్క టంబ్లర్. హ్యామర్ తిరిగితే అదీ తిరుగుతుంది. దానికి రెండు గాళ్లుంటాయి. మొదటిది హాఫ్ కాక్. అది లోతుగా, సియర్ అంటే ట్రిగ్గర్ కదిలించే కొక్కెం, దాని కొనని లోపలికి లాక్కుని పట్టుకునేలా ఉండాలి. ఆ స్థితిలో సియర్‌ని ఎంత నొక్కినా కదలకూడదు. రెండోది ఫుల్ కాక్, అంటే హ్యామర్‌ని పూర్తిగా వెనక్కి లాగిన స్థితి. ఇది తక్కువ లోతే ఉంటుంది, కానీ అంచు కత్తిలా శుభ్రంగా ఉండాలి. పరీక్షించేటప్పుడు హ్యామర్‌ని బొటనవేలితో పట్టుకునే ఉండు, వదిలేసి టపీమని కొట్టనివ్వకు. కొయ్యలో బిగించని లాక్‌కి ఎదురుగా నిపుల్, అంటే క్యాప్ తొడిగే చిన్న మొన, ఉండదు కదా. హ్యామర్ ఆగాల్సిన చోట ఆగక ముందుకు పోయి, లోపలి ముక్కలు విరిగే ప్రమాదం ఉంది.

తర్వాత బ్రైడిల్. టంబ్లర్ పైన వంతెనలా కూర్చునే చిన్న ముక్క అది. టంబ్లర్ ఒక కొనని లాక్ ప్లేట్ పట్టుకుంటే, రెండో కొనని బ్రైడిల్ పట్టుకుంటుంది. అది లేని చవక లాక్‌లు ఉన్నాయి. వాటిలో టంబ్లర్ కొద్దికొద్దిగా పక్కకి వాలి, గాళ్లు వంకరగా అరుగుతాయి. బ్రైడిల్ లేకపోతే ధర కూడా అడగకు, అక్కడే పెట్టేసి రా.

స్ప్రింగ్ సంగతి చెవితోనూ వేలితోనూ తెలుసుకోవాలి. రాత్రి ఇల్లు సద్దుమణిగాక, టీవీ ఆపి, హ్యామర్‌ని నెమ్మదిగా వెనక్కి లాగు. మంచి లాక్‌లో రెండే శబ్దాలు వినిపిస్తాయి, టక్కు, టక్కు. మధ్యలో గీరుతున్నట్టు వినిపిస్తే స్ప్రింగ్ ప్లేటుకి రాసుకుంటోందని అర్థం. దీపం కింద పెట్టి చూస్తే ప్లేటు మీద మెరిసే గీత కనబడుతుంది. వేలికి తెలియాల్సింది ఇంకోటి ఉంది. మొదట బరువుగా అనిపించి, ఫుల్ కాక్ దగ్గరపడే కొద్దీ తేలికవ్వాలి. చివర్లో ఇంకా బిగుసుకుపోతుంటే ఆ లాక్ లెక్క సరిగా కుదరలేదన్నమాట. మరీ గట్టి స్ప్రింగ్ ఉంటే మంచిదనుకోకు. క్యాప్ పేలడానికి సరిపడా బలముంటే చాలు. అంతకన్నా ఎక్కువైతే ప్రతి దెబ్బకీ పిస్టల్ అదిరి గురి తప్పుతుంది, నిపుల్ తల కూడా పగిలిన సుద్దముక్కలా తయారవుతుంది.

హ్యామర్ ముక్కుని కింది నుంచి చూడు. అందులో చిన్న గిన్నెలాంటి గుంట ఉండాలి. క్యాప్ పేలినప్పుడు రాగి రేకు ముక్కలుగా చీలుతుంది. ఆ ముక్కలు మన కంట్లోకి ఎగరకుండా ఆ గుంట కప్పుకోవాలి. ముక్కు నిపుల్ మీద నిటారుగా, నడిబొడ్డున వాలాలి. అందుకే హ్యామర్ తిరిగే స్క్రూ మధ్య నుంచి ముక్కు మధ్య వరకూ ఎంత దూరమో అమ్మేవాళ్లని అడుగు, ఇక్కడివాళ్లు దాన్ని త్రో అంటారు. పిస్టల్ బొమ్మని అసలు సైజులో కాగితం మీద గీసి, లాక్‌ని దానిమీద పెట్టి, హ్యామర్‌ని దించి చూడు. కాగితం మీద కుదరనిది ఇనుములో కుదరదు.

ఏ రకం తీసుకోవాలని అడిగావు. మెయిన్ స్ప్రింగ్ హ్యామర్‌కి ముందు ఉండేది ఒక రకం, వెనక ఉండేది బ్యాక్ యాక్షన్. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ చేసిన చిన్న పిస్టళ్లకి బ్యాక్ యాక్షనే. 1865 ఏప్రిల్ 14న లింకన్‌ని కాల్చింది అలాంటి దానితోనే, అది ఇప్పటికీ వాషింగ్టన్‌లో ఫోర్డ్స్ థియేటర్ మ్యూజియంలో ఉంది. దాన్ని పెట్టిన గాజు అద్దం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. అరచేతిలో పట్టే వస్తువు ఒక దేశాన్ని ఏం చేసిందో అనుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. బ్యాక్ యాక్షన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, దానికోసం కొయ్యని సరిగ్గా పిడి మొదలయ్యే చోటే, దాని మణికట్టు దగ్గరే, తొలచాలి. పిస్టల్‌లో అసలే సన్నంగా ఉండే చోటది. కొత్త చేతికి అది వద్దు. స్ప్రింగ్ ముందుండే మామూలు సైడ్ లాక్, చిన్న సైజుది తీసుకో. రైఫిల్ లాక్ పిస్టల్‌కి పెడితే పిల్లాడికి నాన్న చొక్కా వేసినట్టుంటుంది.

సైలర్ లాక్ అని నార్త్ కరొలైనాలో జిమ్ చేంబర్స్ వాళ్ల దగ్గర దొరుకుతుంది, సౌత్ కరొలైనాలో ఎల్ అండ్ ఆర్ వాళ్లున్నారు. ఇద్దరివీ నేను వాడాను. విడిభాగాల కిట్ చవకే గానీ, వాటిని అమర్చి, కాల్చి గట్టిపరిచే పని మనమే చేసుకోవాలి. ఆ పని తప్పితే నా పాత టంబ్లర్ కథే మళ్లీ. మొదటిసారికి పూర్తిగా అమర్చి, గట్టిపరిచి అమ్మేదే కొను. సెట్ ట్రిగ్గర్, అంటే కాస్త తాకితే చాలు పేలేది, దాని మోజు కూడా ఇప్పుడొద్దు. దానికి టంబ్లర్‌లో ఫ్లై అనే ఇంకో చిన్న ముక్క కావాలి, లేకపోతే హ్యామర్ కిందికి పడుతున్నప్పుడు సియర్ కొన హాఫ్ కాక్ గాడిలో తట్టుకుంటుంది. మామూలు ట్రిగ్గర్‌తో చెయ్యి కుదిరాక చూద్దాం.

బ్యారెల్ మాత్రం పేరున్న వాళ్ల దగ్గర తయారైందే కొను. పైపుతో చేద్దామన్న ఆలోచన కలలో కూడా రానివ్వకు. ఇలాంటి పిస్టల్‌లో బ్లాక్ పౌడర్ అంటే పాతకాలం నల్లమందు, లేదా దానికి బదులుగా అమ్మేదే వాడాలి. ఇప్పటి తూటాల్లో ఉండే స్మోక్‌లెస్ పౌడర్ వాడితే బ్యారెల్ చేతిలోనే పేలే ప్రమాదం ఉంది.

చట్టం సంగతి కూడా తేల్చుకున్నాకే డబ్బు ఖర్చుపెట్టు. ఫెడరల్ చట్టం ఈ పాతకాలం తరహా పిస్టళ్లని వేరుగా చూస్తుంది గానీ, రాష్ట్రాల లెక్క వేరు. న్యూజెర్సీలో ఇదీ తుపాకీ కిందే లెక్క. నీ రూమ్మేట్‌కి కూడా ఆసక్తి ఉందన్నావు, వీసా మీద ఉన్నవాళ్లు లాయర్ని అడక్కుండా ఇందులో చెయ్యి పెట్టకూడదు. గుంటూరులో మీ తమ్ముడు వీడియో చూసి తనూ చేస్తానంటున్నాడట. గట్టిగా వద్దని చెప్పు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తయారుచేయడం నేరం, జైలుకి పోతాడు. ఇండియా వెళ్లేటప్పుడు నీ రేంజ్ సంచీని బట్టల సంచీగా వాడకు. మూలల్లో ఒక్క క్యాప్ మిగిలినా ఎయిర్‌పోర్టులో పెద్ద గొడవవుతుంది.

లాక్ రాగానే రెండు వైపులా దగ్గర్నుంచి ఫొటో తీసి పంపు, హాఫ్ కాక్‌లో ఒకటి, ఫుల్ కాక్‌లో ఒకటి. విప్పకు. జూన్‌లో ఫ్రెండ్‌షిప్‌లో కలుద్దాం, అక్కడ యాభై ఏళ్లుగా ఇవే చేస్తున్న వాళ్లుంటారు, వాళ్లకి చూపించి ఒక మాట అడుగుదాం. అప్పటిదాకా ఆ వాల్‌నట్ చెక్కలో లాక్ గూడు తవ్వకు.

ఉంటాను.

మీ మావయ్య