చిల్లర డబ్బాలో చిలుము

ప్రశ్న: రోజూ మిగిలిన చిల్లర డబ్బాలో వేస్తున్నాను. కొన్ని నాణేలకు పచ్చగా చిలుము పట్టింది. ఏం చేయాలి? ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండా మొత్తం తెలుసుకోవచ్చా?

జవాబు: తడి, చేతి చెమట వల్ల రాగి కలిసిన నాణేలకు చిలుము పడుతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, మెత్తని బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాకే మళ్లీ వేయండి. నిమ్మరసం, వెనిగర్ మెరుపు తెస్తాయి గానీ లోహాన్ని తినేస్తాయి. అరుదైన పాత నాణేలైతే అసలు కడగొద్దు. పగలగొడితే తప్ప తెరుచుకోని డిబ్బీ కంటే వెడల్పు మూతి గాజు సీసా మేలు, చిలుము మొదట్లోనే కనిపిస్తుంది.

లెక్కకు వంటింటి కాటా చాలు. ఒకే రకం నాణేలు 20 తూచి, ఆ బరువును 20తో భాగించండి. వచ్చినదానితో ఆ రకం నాణేలన్నిటి బరువును భాగిస్తే వాటి సంఖ్య తేలుతుంది. పాతవి, కొత్తవి బరువు తేడాగా ఉంటే ముందే విడదీయాలి.