స్కూల్ క్యాంటీన్‌లో చిప్స్, కూల్‌డ్రింకులు ఆపించాలంటే

నాలుగో తరగతి చదివే మీ బాబు బరువు పెరిగిపోతోందని, క్యాంటీన్‌లో చిప్స్, కూల్‌డ్రింకులు ఆపమంటే స్కూలువాళ్లు పట్టించుకోవడం లేదని రాశారు కదండీ. బతిమాలాల్సిన పనిలేదు, రూల్ మీవైపే ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి స్కూల్లోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధనలు తెచ్చింది. ఆ సంగతే రాసి, మరికొందరు తల్లిదండ్రులతో సంతకాలు పెట్టించి ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి. కదలిక లేకపోతే జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు చేయండి. సీబీఎస్‌ఈ స్కూలైతే, 2025లో ఆ బోర్డే పెట్టమన్న షుగర్ బోర్డు (ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకి చూపే పలక) ఏదని కూడా అడగండి.

ఇంట్లో బాబుకి కూల్‌డ్రింక్ సీసా వెనక లేబుల్ చదివించండి. 100 మి.లీ.కి 10 గ్రాముల చక్కెర అని ఉంటే పావు లీటరుకి 25 గ్రాములు. అంత పంచదార గిన్నెలో పోసి చూపించండి, వాడికే అర్థమవుతుంది. తిట్టకండి. లావని ఎవరినీ వెక్కిరించనివ్వకండి.