మధ్య భాగాన్ని దేనితో తూచాలి?

ప్రశ్న: 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మూడు చిత్రాలనూ సెలవుల్లో మా అబ్బాయితో కలిసి వరుసగా మూడు రాత్రులు చూశాను. మొదటిదీ మూడవదీ మనసుకు పట్టాయి గాని, నడిమిదైన 'ది టూ టవర్స్' మాత్రం మొదలూ చివరా లేని కథలా తోచింది. విమర్శకుల్లోనూ కొందరు ఇదే మాట అన్నారనీ, మరికొందరు మూడింటిలో అదే మేలన్నారనీ మావాడు చెబుతున్నాడు. మీరేమంటారు?
(ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా)

జవాబు: అమ్మా, మీకు తోచినది నిజమే. అయితే అది దర్శకుడు పీటర్ జాక్సన్ తెలిసి చేసిన పని. 2002 డిసెంబరులో విడుదలైన ఈ చిత్రంలో 'ఇంతవరకు జరిగిన కథ' అని చెప్పే మాట ఒక్కటీ ఉండదు. మొదటి చిత్రంలో మాంత్రికుడు గాండాల్ఫ్ వంతెన మీద నుంచి పడిపోయిన ఘట్టాన్నే మళ్లీ ఎత్తుకుని, ఈసారి అతనితో పాటే మనలనూ ఆ అగాధంలోకి దించుతారు. మూడు చిత్రాలనూ 1999 అక్టోబరు నుంచి 2000 డిసెంబరు దాకా న్యూజిలాండ్‌లో కలిపి చిత్రీకరించారు. మూలరచయిత టోల్కీన్ కూడా దీనిని ఒకే నవలగా రాశాడు. అది 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడింది. నన్నయ విడిచిన చోట అందుకుని, తిక్కన మొదలుపెట్టిన విరాటపర్వం దాకా తెచ్చి కలిపిన ఎర్రనను, నీ అరణ్యపర్వ శేషానికి మొదలేదీ అని మనం అడగము కదా. మధ్య భాగం రెండు అంచులనూ కలిపిందా, కలుపుతూ తనదంటూ ఏమైనా ఇచ్చిందా అన్నదే అడగవలసిన మాట.

మన గంజాం ప్రాంతంలో ప్రహ్లాద నాటకం చూస్తూ పెరిగినవారికి ఇది సులువుగా తెలుస్తుంది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక పైన సింహాసనం. రాత్రి పొద్దుపోయాక మొదలైతే నరసింహుడు వచ్చేసరికి తెల్లవారుతుంది. నడిరేయికి పిల్లలు చాపల మీద నిద్రపోతారు. మా తాతగారు మాత్రం సరిగ్గా అప్పుడే నిటారుగా కూర్చునేవారు. ఏనుగులు, పాములు, నిప్పు అని శిక్షల మీద శిక్షలు నడిచే ఆ వేళలో కొత్తగా తెలిసే కథేమీ లేదు. హిరణ్యకశిపుడు కొడుకును చంపమని ఆజ్ఞ ఇస్తూ మెట్లు దిగి, మళ్లీ పైకి ఎక్కుతూ, తండ్రిగానూ పగవాడిగానూ ఒకే ఒంట్లో నలిగిపోవడాన్ని చూడటానికే ఆయన మేలుకొని ఉండేవారని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

ఈ చిత్రంలో ఆ చోటు గొల్లమ్‌ది. ఒకప్పుడు స్మీగల్ అనే పేరున్న ఇతను మాయా ఉంగరం మీది మోహంతో ఇలా మారాడు. ఆ ఉంగరాన్ని నాశనం చేయడానికి శత్రుదేశానికి పోతున్న ఫ్రోడోకూ, అతని తోడు శామ్‌కూ ఇప్పుడు దారి చూపుతున్నాడు. ఫ్రోడో, శామ్ నిద్రపోతున్న రాత్రి అతను తనతో తానే వాదించుకునే సన్నివేశాన్ని ఇంకొక్కసారి చూడండి. మొదట కెమెరా అతని ముఖానికి ఒక పక్క నుంచి రెండో పక్కకు జరుగుతుంది, ముఖకవళిక మారుతుంది. ఆపైన ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులను చూపినట్టు షాట్లు మారుతుంటాయి. పాత స్మీగల్ ఆ రెండో వాడిని వెళ్లిపొమ్మంటాడు, గెలిచానని గంతులు వేస్తాడు. తెల్లారగానే కుందేళ్లను తెచ్చి ఫ్రోడో ఒడిలో వేస్తాడు. కొద్ది సేపటికే ఫ్రోడో పిలుపు నమ్మి వచ్చి సైనికులకు పట్టుబడి దెబ్బలు తిన్నప్పుడు, వెళ్లగొట్టిన వాడు తిరిగి వస్తాడు. మూడవ చిత్రం చివర జరిగేదంతా ఈ నమ్మకం విరిగిన చోట మొదలవుతుంది. నా దృష్టిలో ఇదొక్కటే ఈ చిత్రానికి చాలు.

హెల్మ్స్ డీప్ కోట దగ్గరి యుద్ధాన్ని దాదాపు అందరూ మెచ్చుకున్నారు. నాకు అందులో నచ్చేది పోరు మొదలు కాకముందరి నిశ్శబ్దం: కవచాల మీద వాన చప్పుడు, ఇంతలో ఒక ముసలివాడి చేతిలోంచి బాణం జారిపోవడం. అయితే ఈ యోధుల ఆర్భాటంలో హాబిట్లు, అంటే ఫ్రోడో, శామ్‌ల వంటి పొట్టి జనం, వెనక్కి పోయారని అమెరికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ అన్న మాటను నేను కాదనలేను.

ప్రశ్న: మూడవ చిత్రానికి 11 ఆస్కార్లు వచ్చాయి. దీనికి రెండే ఎందుకు వచ్చాయి?
(ఒక విద్యార్థి, రాయగడ)

జవాబు: ఆరు విభాగాల్లో పోటీపడి విజువల్ ఎఫెక్ట్స్, సౌండ్ ఎడిటింగ్ బహుమతులు గెలిచింది. ఉత్తమ చిత్రం పోటీలోనూ నిలిచింది. మొత్తం కృషికి దక్కవలసిన గౌరవాన్ని కథ ముగిసేదాకా వాయిదా వేశారని చాలామంది భావించారు, నేనూ అలాగే అనుకుంటాను. నాకు బాధ కలిగించేది వేరొకటి. గొల్లమ్‌గా సెట్లో తోటి నటుల నడుమ నటించి, ఆ రూపానికి కదలికనూ గొంతునూ ఇచ్చిన ఆండీ సెర్కిస్‌ను నటుల విభాగంలో పోటీకే తీసుకోలేదు.

ప్రశ్న: నేను నవల చదివాను. అందులో సేనానాయకుడు ఫారమిర్ ఉంగరానికి లొంగని ఉదాత్తుడు. చిత్రంలో అతడిని ఉంగరం కోసం ఫ్రోడోను బందీగా పట్టుకుపోయేవాడిగా మార్చడం అన్యాయం కాదా?
(ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: అన్యాయమనే నేనూ అంటాను, అయితే మార్చడమే తప్పని అనను. సాలీడు షెలాబ్ ఘట్టాన్ని మూడవ చిత్రానికి జరపడంతో ఫ్రోడో కథకు ఇక్కడ గట్టి అడ్డంకి లేకుండా పోయింది. పైగా ఉంగరం అందరినీ లొంగదీస్తుందని చెబుతూ వచ్చి, ఒక్కడు సులువుగా వద్దనేస్తే దాని భయం తగ్గుతుందని రచయితలు చెప్పుకున్నారు. ఆ వాదన సబబే. చిక్కంతా ముగింపులో ఉంది. ఆస్గిలియత్ శిథిలాల్లో ఫ్రోడో ఉంగరాన్ని శత్రువు దూతకు చేజేతులా ఇవ్వబోవడాన్నీ, ఆపబోయిన శామ్ గొంతు మీదే కత్తి పెట్టడాన్నీ మనం చూస్తాము. ఆ తరువాత శామ్ పలికిన నాలుగు మంచి మాటలు విని ఫారమిర్ వారిని శత్రుదేశం వైపే సాగనంపుతాడు. ఇంత ప్రమాదం జరగబోయాక ఏ సేనానాయకుడైనా పట్టు బిగిస్తాడే గాని వదులుతాడా?

వీలైతే 2003లో డీవీడీగా వచ్చిన విస్తృత ప్రతిని చూడండి. అందులో నలభై నిమిషాలకు పైగా అదనపు కథ ఉంది. పెద్ద కొడుకునే మెచ్చుకునే తండ్రి ముందు ఫారమిర్ చిన్నబోయి నిలబడిన ఘట్టం వల్ల, ఉంగరాన్ని తండ్రికి కానుకగా పంపాలన్న అతని ఆరాటం అర్థమవుతుంది. అందులోనే, చచ్చి పడిన శత్రు సైనికుణ్ణి చూసి, వీడి పేరేమిటో, ఎక్కడి నుంచి వచ్చాడో, నిజంగా దుర్మార్గుడేనా అని ఫారమిర్ తలపోస్తాడు. నవలలో ఆ తలపు శామ్‌ది. ఈ రెండు ఘట్టాలూ థియేటర్లకు వచ్చిన ప్రతిలో ఉండి ఉంటే, ఆస్గిలియత్‌లో అతని నిర్ణయం అంత హఠాత్తుగా తోచేది కాదు.