111 జీవో ఊళ్లో వెంచర్ పడుతుంటే ఆపగలమా?

మొయినాబాద్ దగ్గర మీ ఊరి చెలకల్లో విల్లాల వెంచర్‌కు రాళ్లు పాతుతున్నారని, ఆపడానికి దారి ఉందా అని అడిగారు. ఉంది. శంకర్‌పల్లి వైపు మా ఊళ్లో అలాంటిదే ఆపించాం.

అర్జీలో 'పచ్చదనం పోతోంది' అని రాస్తే కదలిక రాదు. నీళ్లు ఎటు పారుతాయో రాయండి. 1908 మూసీ వరద తర్వాతే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. 1996 మార్చిలో వచ్చిన 111 జీవో ఈ రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా, 84 ఊళ్లలో, కాలనీలు, పెద్ద హోటళ్లు, కాలుష్య పరిశ్రమలు వద్దన్నది. ఈ ఊళ్ల వాగులు, కుంటల మీదుగానే కదా వాన నీళ్లు చెరువుల్లోకి దిగేది! మేం గ్రామ నక్షా తీయించి, వెంచర్ సర్వే నంబర్ల గుండా పోయే వాగును ఎర్ర ఇంకుతో గీసి, పూడ్చిన చోటి ఫొటోలతో కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చాం. రసీదు తీసుకోవడం మరవకండి.

దాంతోపాటే ఆర్టీఐ కింద హెచ్ఎండీఏను (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థను) రెండు సంగతులు అడగండి: ఫలానా సర్వే నంబర్లలో లేఅవుట్‌కు అనుమతి ఇచ్చారా, మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమి ఏ జోన్. మాకు 'అనుమతి లేదు, బయో కన్జర్వేషన్ జోన్' అని, అంటే కట్టడాలపై ఆంక్షలున్న జోన్ అని జవాబొచ్చింది. ఆ కాగితం జిరాక్సులు తీసి, ప్లాట్లు చూడటానికి కార్లలో వచ్చేవాళ్లకు పంచాం. అసలు పని చేసింది ఇదే. అమ్మకాలు ఆగాక జేసీబీలు వాటంతటవే వెళ్లిపోయాయి.

'జీవో ఎత్తేశారు' అని ఏజెంట్లు బల్లగుద్ది చెబుతారు. 2022 ఏప్రిల్‌లో 111 జీవో ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో, 2023 మేలో 111 జీవోను రద్దు చేస్తున్నట్టు కేబినెట్ ప్రకటన వచ్చిన మాట నిజమే. కానీ చెరువుల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతు 69 జీవోలోనే ఉంది. పైగా ఈ చెరువుల విషయంలోనే 1999లో సుప్రీంకోర్టు, హాని జరగదని రుజువు చేయాల్సింది కట్టేవాళ్లేనని చెప్పింది. గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లేటట్లయితే ఆరు నెలల గడువు ఉంటుంది, ఆలస్యం చేయొద్దు.

ఇక అన్నిటికన్నా కష్టమైనది ఊళ్లోవాళ్లతో మాట్లాడటం. 2023లో పక్కనే కోకాపేటలో ఎకరం వేలంలో 100 కోట్లు దాటింది. ఆడపిల్ల పెళ్లికి రెండెకరాలు అమ్ముకుందామనుకునే రైతుకు 'చెరువు కోసం ఆగు' అని చెప్పే హక్కు మనకెక్కడిది? హైదరాబాద్ నగరానికి నీళ్ల కోసం ఇన్నేళ్లు ధర వదులుకున్నది వాళ్లే, పైసా పరిహారం లేకుండా. అందుకే మా అర్జీలో వెంచర్ ఆపాలన్న మాటతోపాటు, 84 ఊళ్ల రైతులకు పరిహారం ఇవ్వాలనీ రాశాం. అది రాశాకే అప్పటిదాకా మమ్మల్ని తిట్టిన పెద్దమనుషులు సంతకాలు పెట్టారు. నా దృష్టిలో ఆ డిమాండ్ లేని పోరాటం న్యాయమైంది కాదు.

తారు రోడ్లు పడకముందే కదలండి. వాన పడ్డ రోజు ఆ వాగు పారుతుండగా వీడియో తీసి పెట్టుకోండి. ఎండాకాలం తనిఖీకొచ్చిన సార్లు 'ఇక్కడ వాగెక్కడుంది' అంటారు.