దీవిలో లగ్జరీ రిసార్ట్ కడితే ప్రకృతి దెబ్బతినకుండా ఉంటుందా?

అస్సలు దెబ్బతినకుండా కట్టడం కుదరదు, కానీ ఆ దెబ్బను బాగా తగ్గించవచ్చు. అందరూ సోలార్ ప్యానెళ్ల గురించే అడుగుతారు గానీ, నన్నడిగితే ముందు చూడాల్సింది నీళ్లు. పగడపు దీవుల్లో మంచినీరు ఇసుక అడుగున, ఉప్పునీటి మీద పలుచని పొరలా తేలుతూ ఉంటుంది. బోరు వేసి ఎడాపెడా తోడేస్తే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. ఆ బావి మళ్లీ తేరుకోవడానికి ఏళ్లు పట్టొచ్చు. అందుకే వాననీటిని పట్టి దాచుకోవాలి, వాడిన నీటిని శుద్ధి చేసి తోటలకు మళ్లించాలి. మురుగును అలాగే సముద్రంలోకి వదిలితే నాచు పెరిగి పగడాలను కమ్మేస్తుంది. అతిథులు వచ్చేదే ఆ పగడాలను చూడ్డానికి కదా!

తర్వాత ఏసీ. కరెంటును బాగా తినేది ఇదే. పసిఫిక్ మహాసముద్రంలోని ఫ్రెంచ్ పాలినేసియా దీవుల్లో 2014లో తెరిచిన ది బ్రాండో రిసార్ట్‌లో సముద్రంలో 900 మీటర్లకు పైగా లోతు నుంచి చల్లటి నీటిని పైపుతో తెచ్చి, ఆ చలువతోనే గదులను చల్లబరుస్తారు. కరెంటు ముఖ్యంగా పంపులకే కావాలి. అయితే ఒడ్డుకు దగ్గర్లోనే అంత లోతుండాలి, అన్ని దీవులకూ ఆ వీలుండదు.

బీచ్ లైట్లను కూడా మరవద్దు. గుడ్డులోంచి బయటపడ్డ తాబేలు పిల్లలు వెలుగు వైపే పాకుతాయి, సముద్రం అనుకుని గదుల వైపు వచ్చేస్తాయి. లైట్లను కిందికి వంచి, మసక ఎరుపు రంగువి పెడితే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది.