పండుగ సెలవులు సీనియర్లకేనా? డ్యూటీ లిస్టు వేసిన అనుభవంతో చెబుతున్నాను

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేరి మూడేళ్లయినా ఒక్క సంక్రాంతికీ రాజమండ్రి వెళ్లలేకపోయానని, పండుగ మూడు రోజులూ సీనియర్ సిస్టర్లే పంచుకుంటున్నారని, ఇది న్యాయమేనా అని అడిగారు. కోస్తాలో నర్సుగా చాలాకాలం పనిచేశాను. తర్వాత ఇన్‌ఛార్జిగా డ్యూటీ లిస్టు వేసే పనీ నా మీద పడింది. అందుకే సూటిగా చెబుతున్నాను: న్యాయం కాదు. కానీ ఆ మాటే పట్టుకుని సూపరింటెండెంటు మేడమ్ దగ్గరికి వెళితే మీకు సెలవు రాదు, చెడ్డపేరు మాత్రం వస్తుంది.

సీనియారిటీకి విలువే లేదని వాదించకండి. ఏళ్ల తరబడి నైట్లు చేసిన మనిషిని వేసవి సెలవులు ముందుగా ఎంచుకోనిస్తే తప్పేమీ లేదు. వేసవి పొడవైనది, ఒకరు తీసుకున్నా ఇంకొకరికి మిగులుతుంది. సంక్రాంతి అలా కాదు. కనుమ దాటిందంటే మళ్లీ ఏడాదికే. పైగా సీనియర్లు ఉద్యోగం మారని వార్డులో వరుస కదలదు. ఈరోజు అయిదో పేరు మీదైతే, ఎన్నేళ్లకైనా అయిదో పేరు మీదే. ‘మేమూ ఇలాగే చేశాం, మీ వంతూ వస్తుంది’ అని వాళ్లు నిజాయితీగానే అంటారు. వాళ్లకు వంతు వచ్చింది కూడా, ఎందుకంటే అప్పట్లో పైవాళ్లు రిటైరయ్యారు.

మీ చేతిలో ఉన్న గట్టి వాదన వేరే ఉంది. సంక్రాంతికి మా ఎమర్జెన్సీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. కోడికత్తి తెగిన చేతులు, మాంజా కోసిన మెడలు, భోగిమంటల దగ్గర కాలిన పిల్లలు, తాగి బండి నడిపి పడినవాళ్లు. అలాంటి రోజుల్లో వెంటిలేటర్ పేషెంట్లను కొత్తగా చేరిన ఇద్దరికి అప్పగించి అనుభవం ఉన్నవాళ్లంతా ఊరెళ్లడం ఏ లెక్కన సరైనది? సీనియారిటీ అంటే అనుభవమే అయితే, ప్రతి షిఫ్టులో ఒక్క అనుభవజ్ఞురాలైనా ఉండాలి. ఇది మీ గోడు కాదు, రోగి భద్రత. మేడమ్‌లు దీన్ని పక్కన పెట్టలేరు.

మా వార్డులో చివరికి నిలిచిన పద్ధతి చెబుతాను. సంక్రాంతి, దసరా, క్రిస్మస్, రంజాన్ పెద్ద పండుగలుగా రాసుకున్నాం. ఒక ఏడాది ఒక్కొక్కరికి ఒక్కటే. కిందటేడు పండుగకు డ్యూటీ చేసినవారు ఈ ఏడాది ముందు ఎంచుకోవాలి. ఎవరు ఏది తీసుకున్నారో ఒక నోటు పుస్తకంలో ఉండేది. గొడవ వచ్చినప్పుడల్లా పుస్తకం తెరిస్తే సరిపోయేది. మాలో క్రైస్తవ నర్సులు ఎక్కువ కాబట్టి డిసెంబరు 24 రాత్రి మేము చేసేవాళ్లం, భోగినాడు వాళ్లు చేసేవాళ్లు. అయితే క్రైస్తవులకు సంక్రాంతి అక్కర్లేదని మీరే తీర్మానించకండి, అడగండి. పిల్లల బడి సెలవులు, ఊళ్లో చుట్టాలు వాళ్లకూ ఉంటారు. ‘పెళ్లికాని అమ్మాయివి, నీకేం పని’ అనే మాట మాత్రం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అమ్మానాన్నలు ఇంటి మనుషులు కారా?

ఎప్పుడు అడుగుతారన్నదీ ముఖ్యమే. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంటే సంక్రాంతి టికెట్లు నవంబరు నడుమే అయిపోతాయి. జనవరి మొదటివారంలో సెలవు మంజూరైనా గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకదు, ప్రైవేటు బస్సులవాళ్లు చెప్పే ధర చూస్తే వెళ్లాలనిపించదు. కాబట్టి పండుగ లిస్టు అక్టోబరులోనే తేల్చమని అడగండి. ఒంటరిగా కాకుండా మీతోటి ఇద్దరు ముగ్గురితో కలిసి, కాగితం మీద రాసి ఇవ్వండి.

నిబంధనల మాటకొస్తే, ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే ఫండమెంటల్ రూల్స్‌లో 67వది సెలవు హక్కుగా అడగదగినది కాదంటుంది. సేవా అవసరాలను బట్టి అధికారి నిరాకరించవచ్చు. కానీ సీనియారిటీ ఊసు అందులో లేదు. మీది ప్రైవేటు కనుక మీ నియామక పత్రం, సెలవుల నిబంధనలు తీసి చూడండి. సీనియర్లకే ముందు అని ఎక్కడా రాసి లేకపోతే, అది మీ వార్డు అలవాటు మాత్రమే.

ఈ ఏడాదికి మూడు రోజులూ అడగకుండా ఒక్క భోగి, దానికి ముందురోజు వీకాఫ్ (వారపు సెలవు) కలిపి అడగండి. ఎవరైనా డ్యూటీ మార్చుకుంటామంటే ఇద్దరూ సంతకం చేసి ఇన్‌ఛార్జి చేత రాయించుకోండి. నోటిమాట మీద ఊరెళితే, అవతలివాళ్లు రాని రోజు గైర్హాజరు పడేది మీ పేరు మీదే.